ముందే టిక్కు పెట్టిన గడి

స్కానింగ్ గదిలో డాక్టరమ్మ తెర మీంచి చూపు తిప్పకుండానే చెప్పేసింది. "గుండె కొట్టుకోవట్లేదమ్మా."

ఆ మాటన్నాక కూడా ఆవిడ చేతిలోని పరికరం పొట్ట మీద రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది. "తొమ్మిది వారాలు దాటాయన్నారు కదూ? ఎదుగుదల ఏడో వారం దగ్గరే ఆగిపోయింది." పక్కనున్న సిస్టర్ ఆ అంకెలు రాసుకుని, నాలుగు కాగితపు రుమాళ్ళు చేతిలో పెట్టి పొట్ట మీది జెల్ తుడుచుకోమంది.

తుడుచుకుంటూ, "అంటే?" అంది ఆమె. అంతకంటే ఏమడగాలో తోచలేదు.

అప్పటికే డాక్టరమ్మ చేతి తొడుగులు లాగేసుకుంటూ గుమ్మం దాటుతోంది. "మీ వాళ్ళతో మాట్లాడతాను. నువ్వు బట్టలు సర్దుకుని నిదానంగా రా."

మీ వాళ్ళంటే బయట బల్ల మీద కూర్చున్న ఇద్దరు. ఒకరు భర్త, డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పుతాడు. రెండోది అతని అక్క. ఆమెకి వదిన. బళ్ళో లెక్కల టీచరు. ఈ డాక్టరమ్మ కూతురికి రెండేళ్ళు పాఠం చెప్పింది కాబట్టి ఆ చనువుతో వీళ్ళని చీటీ లేకుండానే లోపలికి పంపుతారు. ఇన్నాళ్ళూ అదో అదృష్టంలా ఉండేది.

సల్వారు నాడా ముడి పడలేదు. రోజూ వందల మీటర్ల గుడ్డ పరిచి, కొలిచి, కోసే చేతులవి. నాడా రెండు కొసలూ పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయింది. మూడోసారికి ముడి పడింది. తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి వరండా చివర మంచినీళ్ళ కుళాయి దగ్గర ముగ్గురూ తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటున్నారు. ఆమెని చూడగానే మాటలాగిపోయాయి. డాక్టరమ్మ వదిన భుజం తట్టి ఇంకో గదిలోకి వెళ్ళిపోయింది.

వదిన ఎదురొచ్చి గట్టిగా కావలించుకుంది. "ఏం కాదు. ధైర్యంగా ఉండు. రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఖాళీ కడుపుతో వచ్చేస్తే పదింటికల్లా అయిపోతుంది. అంతా మాట్లాడేశాం."

"ఏం మాట్లాడారు?"

"క్లీన్ చేసేస్తారంతే. మత్తిస్తారు, నీకు తెలీను కూడా తెలీదు."

భర్త వైపు చూసింది. అతను బండి తాళాలు వేలికి తగిలించుకుని తిప్పుతూ, "పద, ఇంటికెళ్దాం" అన్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ కళ్ళతో ఒక్కసారి తిన్నగా చూసుంటే బాగుండేది. చూడలేదు.

దారి పొడుగునా వదిన వెనక సీట్లోంచి మాట్లాడుతూనే ఉంది. ఆ గుడ్డ కోసే మిషన్ దగ్గర గంటలు గంటలు నిలబడద్దని మొదట్నించీ మొత్తుకున్నాననీ, ఇకనైనా ఆ పని మానెయ్యమనీ, చిన్న వయసే కాబట్టి మళ్ళీ వస్తుందనీ. ఆమె కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది. "క్లీన్" అన్న మాట ఒక్కటే చెవుల్లో గిర్రున తిరుగుతోంది. టీ ఒలికితే గుడ్డ పెట్టి తుడిచేస్తాం చూడండి, అలాంటి మాట.

*

మర్నాడు ఎనిమిదింటికి ఆమెకి ఆకుపచ్చ గౌను తొడిగి, చేతికి సూది పెట్టి మంచం మీద కూర్చోబెట్టారు. వెనక ముళ్ళు వేసే గౌను. రెండు ముళ్ళకి ఒక్కటే ఉంది, రెండోది ఎప్పుడో తెగిపోయింది. కుట్టు ఊడకుండా గుడ్డే చిరిగింది, అంచు మడవకుండా కుట్టారు కాబట్టి. అలాంటి సంగతులు ఆమె కంటికి వద్దన్నా ఆనుతాయి.

సిస్టర్ అట్టకి బిగించిన కాగితం ఒకటి తెచ్చింది. "ఇక్కడో సంతకం పెట్టేయండి. మీ ఆయనది అయిపోయింది."

ఆమె బట్టల యూనిట్లో కటింగ్ మాస్టర్. అక్కడ అందరూ ఆమెని మాస్టరనే పిలుస్తారు. ఆర్డరు కాగితం తన కళ్ళతో పైనుంచి కిందిదాకా చదవనిదే గుడ్డ మీద సుద్దగీత కూడా పెట్టదు. పన్నెండేళ్ళ అలవాటు. సంతకం పెట్టమంటే చెయ్యి ముందుకెళ్ళలేదు, కళ్ళు వెళ్ళాయి.

కాగితం మధ్యలో మూడు గళ్ళున్నాయి. మొదటిది: సహజంగా జరిగేదాకా వేచి చూడడం. రెండోది: మాత్రలు. మూడోది: సక్షన్ పద్ధతి, అంటే గొట్టంతో పీల్చి తీసెయ్యడం. మూడో గడిలో నీలం సిరాతో టిక్కుంది. దాని కింద అచ్చులో ఒక వాక్యం: పై మూడు పద్ధతుల గురించీ, వాటి లాభనష్టాల గురించీ రోగికి పూర్తిగా వివరించడమైనది, రోగి స్వయంగా ఎంచుకోవడమైనది. దాని కింద భర్త సంతకం, నిన్నటి తేదీ.

ఆమె ఆ వాక్యం రెండుసార్లు చదివింది. రెండోసారి వేలుపెట్టి చదివింది.

"సిస్టర్, ఇవి మూడున్నాయా?"

"ఏవండీ?"

"పద్ధతులు. మూడున్నాయని రాసుందిక్కడ. నాకు వివరించారని కూడా రాసుంది. ఎవరు వివరించారు? ఎప్పుడు?"

సిస్టర్ తలుపు వైపు చూసింది. "నిన్న మీ వాళ్ళకి చెప్పారేమోనండి. మేడం వచ్చేస్తారు, థియేటర్ రెడీ అయిపోయింది..."

"ఇక్కడ రోగి ఎవరు?"

సిస్టర్ మళ్ళీ తలుపు వైపే చూసింది. పాపం ఆ పిల్ల తప్పేముందని ఆమెకీ తెలుసు. అయినా ఒళ్ళు భగ్గున మండిపోయింది. రాత్రంతా మొద్దుబారిపోయి పడున్న ఒంట్లోకి ప్రాణం తిరిగొచ్చినట్టు ఆ కోపం అరికాళ్ళ నుంచి పైకెక్కింది. "ఈ సూది తీసెయ్యండి" అంది.

"అలా కుదరదండీ..."

"మీరు తీస్తారా, నన్ను పీక్కోమంటారా?"

సిస్టర్ తీసింది. దూది అదిమిపెట్టి, చాలా చిన్న గొంతుతో, "ఓపీలో మేడం రేపు పదింటికుంటారు. మిమ్మల్నే అడగమనండి. అడిగితే చెప్తారు" అంది.

ఆమె తన బట్టలు కట్టుకుని, చెప్పులేసుకుని వరండాలోకొచ్చేసరికి భర్త ఫోన్లో ఎవరికో ఇవాళ క్లాసు లేదని చెబుతున్నాడు. ఆమెని చూసి ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నిలబడిపోయాడు.

"మూడున్నాయని నీకు తెలుసా?"

"ఏం మూడు?"

"నువ్వు సంతకం పెట్టిన కాగితంలో ఏముందో తెలుసా నీకు?"

"అక్క చదివింది కదా..." అన్నాడతను.

వదిన బల్ల మీంచి లేచింది. "ఏంటమ్మా ఇది, అందరూ చూస్తున్నారు. నీకోసం ఆవిడ మొదటి కేసుగా పెట్టింది. మూడూ నాలుగూ అని ఇప్పుడు వంకలేంటి? నీ మంచికే కదా చేసింది."

"నా మంచి నాకు చెప్తే అరిగిపోతుందా, వదినా?"

అంత గట్టిగా అంటుందని ఎవరూ అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు. వరండాలో చీటీలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళంతా తలలెత్తారు. ఆమె మెట్లు దిగి, గేటు దాటి, బస్సెక్కింది. ఇంటికెళ్ళే బస్సు కాదు.

*

యూనిట్లో ఆ పూట బడి యూనిఫారాల ఆర్డరు. లేత నీలం గుడ్డ. పొడుగు బల్ల మీద పొర మీద పొర, అరవై పొరలు, ఒక్క ముడత కూడా లేకుండా పరవాలి. ఎక్కడైనా ముడత పడిందో, కింద ఉన్న ఇరవై చొక్కాలకి చేతులు సమంగా రావు. సెలవు పెట్టిన మనిషి తొమ్మిదిన్నరకి ఊడిపడితే అందరూ వింతగా చూశారు. ఆమె ఏమీ చెప్పకుండా కొంగు బిగించుకుని బల్ల దగ్గర నిలబడింది. అంచులు కలిపింది. ఇనుప దిమ్మలు పెట్టింది. అట్ట నమూనాలు పరిచి చుట్టూ సుద్దగీతలు గీసింది. ఎడం చేతికి స్టీలు అల్లిక తొడుగేసుకుని కటింగ్ మిషన్ ఆన్ చేసింది. సన్నటి కత్తి గుడ్డలోకి దిగింది. చెయ్యి వణకలేదు. ఇంత కోపంలోనూ చెయ్యి వణక్కపోవడం ఆమెకి కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఇంత బలమైన మనిషిని, ఇంత లెక్క తెలిసిన మనిషిని, తన ఒంటి సంగతి దగ్గరకొచ్చేసరికి పసిపిల్లని చేసి పక్కన కూర్చోబెట్టారు. అరవై పొరలూ తెగుతున్నంతసేపూ ఆమె అదే మాట లోపల తిప్పి తిప్పి అనుకుంది.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకునే వేళకి కాజాలక్క పక్కకొచ్చి కూర్చుంది. బొత్తాల కాజాలు తీసే మిషన్ మీద ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నందుకు ఆవిడకా పేరు. ఉన్న మాట మొహం మీదే అనేస్తుంది. కబుర్లు మోసే రకం మాత్రం కాదు.

"ఏమైందే మాస్టరూ? మొహం మాడిపోయిన గిన్నెలా పెట్టావ్."

ఆమె చెప్పింది. స్కానింగూ, కుళాయి దగ్గర ముచ్చటా, కాగితమూ, మూడు గళ్ళూ. మొదటిసారి గట్టిగా బయటికి చెబుతుంటే, బిడ్డ పోయిందన్న సంగతి కంటే కాగితం సంగతే ఎక్కువ చెబుతున్నానని తోచింది. తోచినా ఆపలేదు.

కాజాలక్క తినడం ఆపి విన్నది. అయ్యో అనలేదు. "నాకు రెండోసారి అలాగే అయింది" అంది. "నేను ఆగాను. ఆగమన్నారు, ఆగాను. పదకొండు రోజులు. పన్నెండో రోజు బస్సులో నిలబడుంటే మొదలైంది. దిగి పక్కనున్న బట్టల కొట్టులోకి దూరాను. ఆ కొట్టువాళ్ళు మంచోళ్ళు. ఇప్పటికీ ఆ వీధిలోకి పోను."

"మరి మాత్రలు?"

"మా చెల్లెలు వేసుకుంది. ఒక పూటంతా పొట్ట పట్టుకుని దొర్లింది. సాయంత్రానికి తలస్నానం చేసి సీరియల్ చూస్తూ కూర్చుంది. ఇంట్లోనే అయిపోయింది, ఎవరి మొహం చూడక్కర్లేకపోయిందని దానికదే హాయి."

"ఏది మంచిదక్కా?"

"ఓసి పిచ్చిదానా! నాకేం తెలుసు? నన్నడుగుతావేంటి, వాళ్ళు చేసిందే నన్నూ చెయ్యమంటావా?" కాజాలక్క డబ్బా మూత పెట్టి లేచింది. రెండడుగులేసి మళ్ళీ వెనక్కొచ్చింది. "డాక్టర్నడుగు. రాసుకునెళ్ళి అడుగు. కొందరికి మనం నోటితో అడిగితే వినపడదు, కాగితం చూస్తే వినపడుతుంది."

ఆ సాయంత్రం ఇంట్లో గొడవ జరిగింది. వదిన పక్క వీధిలోంచి వచ్చి సోఫా మధ్యలో కూర్చుంది. డాక్టరమ్మ ఫోన్ చేసిందట, ఎంత చిన్నతనమైపోయిందో తనకే తెలుసట. "మనిషి బాధలో ఉన్నప్పుడు ఇది కావాలా అది కావాలా అని బట్టల కొట్టులో చీరలు పరిచినట్టు పరుస్తారా ఎవరైనా? పక్కనున్నవాళ్ళం ఆ భారం మోశాం. అదీ తప్పేనా?"

"ఆ భారం నాది, వదినా."

"నీ ఒక్కదానిదే అన్నట్టు మాట్లాడకు. వాడికీ పోయింది."

ఆ మాట నిజమే. నిజం కాబట్టే ఇంకా మండింది. ఆమె భర్త వైపు తిరిగింది. "నీకూ పోయింది కదా. మరి నాతో ఒక్క మాటైనా మాట్లాడావా నిన్నట్నుంచీ? కుళాయి దగ్గర వాళ్ళతో మాట్లాడావు. నా ముందు బండి తాళాలు తిప్పావు."

అతను లేచి వెళ్ళి వంటింట్లో గ్లాసులు కడిగాడు. కడిగినవే మళ్ళీ కడిగాడు.

*

గురువారం పొద్దున్న ఆమె ఒక్కతే ఓపీకి వెళ్ళింది. వదిన పరిచయం వాడుకోకుండా చీటీ తీసుకుని, ఇరవై రెండో నంబరుగా కూర్చుంది. చేతిలో నమూనాలు గీసే గోధుమరంగు కాగితం ముక్క, దాని మీద పెన్సిలుతో ఎనిమిది ప్రశ్నలు.

డాక్టరమ్మ ఆమెని చూడగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నిన్న థియేటర్ గంటసేపు ఖాళీగా పోయింది. మీ వదినగారి మొహం చూసి ఊరుకున్నాను."

"మేడం, మూడు పద్ధతులున్నాయని నాకెందుకు చెప్పలేదు?"

"బయట చూశావా ఎంతమందున్నారో? ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి మూడేసి చెబుతుంటే పొద్దు గూకుతుంది. అనుభవంతో ఏది మంచిదో మేం చూసి చేస్తాం."

"చెప్పడానికి టైము లేదు. చెప్పామని రాసుకోవడానికి మాత్రం ఉంది."

మందుల పెట్టె సర్దుతున్న సిస్టర్ చేతులాగిపోయాయి. నిన్నటి పిల్లే. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. బల్ల మీది పేపర్ వెయిట్‌ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరిపింది. కసురుతుందనే అనుకుంది ఆమె. కసిరితే ఏమనాలో కూడా బస్సులో తయారుచేసుకుంది. కానీ డాక్టరమ్మ చెయ్యి చాపి, "ఏదీ, ఆ కాగితం ఇటివ్వు" అంది.

ఇచ్చింది. డాక్టరమ్మ ఎనిమిది ప్రశ్నలూ చదివి, కుర్చీ దగ్గరికి లాక్కుని, వరసగా చెప్పడం మొదలుపెట్టింది. గొంతులో విసుగు పోలేదు గానీ ఏదీ దాటెయ్యలేదు.

ఆగొచ్చు. ఒకటి రెండు వారాలు. సగం మందికి పైగా దానంతటదే అయిపోతుంది. ఎప్పుడు, ఎక్కడ అన్నది మాత్రం ఎవరూ చెప్పలేరు. కాకపోతే మిగతా రెండిట్లో ఒకటి ఎలాగూ చెయ్యాలి. మాత్రలైతే ఇంట్లోనే. కొన్ని గంటలు నొప్పి, నెలసరి కంటే బాగా ఎక్కువ రక్తం. ఎక్కువమందికి సరిపోతుంది, కొందరికి కొంత మిగిలిపోయి మళ్ళీ రావలసొస్తుంది. సక్షన్ అయితే పది నిమిషాల పని, దాదాపు ఒక్కసారితో అయిపోతుంది. దెబ్బ తగలడం, ఇన్‌ఫెక్షన్ రావడం లాంటివి అరుదు, కానీ అసలుండవని కాదు. పూర్తిగా మత్తిచ్చీ చెయ్యొచ్చు, మెలకువగా ఉంచి అక్కడ మాత్రం తిమ్మిరెక్కే ఇంజెక్షనిచ్చీ చెయ్యొచ్చు. ఏది చేసినా మళ్ళీ గర్భం రావడానికి పెద్ద తేడా ఉండదు. ఏది చేసినా జ్వరం వచ్చినా, గంటకి రెండు ప్యాడ్ల చొప్పున రెండు గంటలు తడిసినా వెంటనే పరిగెత్తుకుని రావాలి.

"నాకిప్పుడు తొందరుందా?"

"జ్వరం లేదు, రక్తం పోవట్లేదు. ఇప్పటికిప్పుడు తొందరేం లేదు."

"మరి నిన్న పొద్దున్న ఎనిమిదింటికే అని ఎందుకన్నారు?"

డాక్టరమ్మ బల్ల మీది కళ్ళజోడు తీసి పెట్టుకుంది. "బుధవారం నాకు థియేటరుంటుంది" అంది.

కాగితంలో ఆఖరి ప్రశ్నని ఆమె చిన్న అక్షరాలతో రాసుకుంది. డాక్టరమ్మ దాన్ని చదివి పైకి చూసింది. ఈసారి గొంతు కాస్త మారింది. "నిలబడి పనిచెయ్యడం వల్ల కాదమ్మా. మిషన్ వల్లా కాదు. చాలావరకు మొదట్లో ఏర్పడ్డప్పుడే తేడా ఉంటుంది. నువ్వు చేసిందీ కాదు, చెయ్యనిదీ కాదు."

రెండు రోజులుగా ఆ మాట ఎవరో ఒకరు చెబుతారని ఎదురుచూసిందని ఆమెకి అప్పుడే తెలిసింది. గుండెల మీది బండ దిగింది. అది దిగిన చోట మళ్ళీ కోపమే పుట్టుకొచ్చింది. ఒక్క నిమిషం పట్టే మాట. మంగళవారమే అనుంటే ఏం పోయేది?

"ఇంకొక్కసారి స్కాన్ చెయ్యండి" అంది.

"నామీద అంత నమ్మకం లేదా?"

"మీమీద కాదు. అప్పుడు నేను తెర చూడలేదు. ఇప్పుడు చూస్తాను."

చూసింది. డాక్టరమ్మ తెరని ఆమె వైపు తిప్పి, వేలుపెట్టి చూపించింది. బూడిదరంగులో చిన్న మచ్చ. కదలకుండా ఉంది. ఆమె చాలినంతసేపు చూసి, "సరే" అంది. "సోమవారం లోపల చెప్తాను."

*

శుక్రవారం రోజంతా బల్ల దగ్గర ఆమె పని తప్ప ఇంకోటి మాట్లాడలేదు. మొదట ఆగుదామనే అనుకుంది. వాళ్ళు వద్దన్నది కాబట్టి. ఆ సంగతి తనకి తానే ఒప్పుకోవడానికి మధ్యాహ్నమయింది. కోపంతో ఎంచుకుంటే అదీ వాళ్ళు ఎంచినట్టే అవుతుంది కదా. మిషన్ ఆపి, తొడుగు విప్పి, కుళాయి కింద మొహం కడుక్కుని, మళ్ళీ మొదట్నించీ ఆలోచించింది. బాత్రూముకెళ్ళిన ప్రతిసారీ భయంతో చూసుకోవడం తనవల్ల కాదు. బస్సులోనో, ఈ నీలం గుడ్డ ముందు నిలబడున్నప్పుడో అది మొదలవ్వకూడదు. ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూము. దాని తలుపు బయట వదిన నిలబడి "ఎలా ఉంది? ఎలా ఉంది?" అని అడిగే గొంతు ఇప్పట్నించే వినపడుతోంది. మాత్రలొద్దు. ఒక రోజు, ఒక గంట, పని తెలిసిన చేతులు. కానీ తెలీకుండా కాదు. మెలకువగా.

సాయంత్రం ఇంటికొచ్చాక భర్తకి చెప్పింది.

అతను విని, "ఇదేగా మేం ముందే చెప్పింది?" అన్నాడు. వెక్కిరించాలని కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. "మరి ఈ మూడు రోజులూ ఇంత రభస దేనికి?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. అరవాలనుకుంది. అరవకుండా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నీ దగ్గర నేర్చుకునేవాళ్ళు మలుపు దగ్గర తిప్పబోతుంటే, నువ్వు పక్కసీట్లోంచి స్టీరింగు లాక్కుని తిప్పేస్తావా?"

"ప్రమాదమైతే తప్ప లాగను."

"లాగితే కారు ఆ వీధిలోకే పోతుందిగా? తేడా ఏంటి?"

అతను గోడ వైపు చూశాడు. "నేనా కాగితం చదవలేదు" అన్నాడు.

"తెలుసు."

"చదువుదామనే పట్టుకున్నాను. మొదటి లైన్లోనే రాసుంది, గర్భం నిలవలేదని. ఆ తర్వాత అక్షరాలు కనపళ్ళేదు. అక్క ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేశాను. నువ్వు లోపల్నుంచి వచ్చేలోపు ఏదో ఒకటి అయిపోవాలనిపించింది. నీ మొహం ఎలా చూడాలో తెలీక."

ఆమెకి జాలేసింది. జాలి వేసినందుకు మళ్ళీ ఒళ్ళు మండింది. "అలా చెప్పు మరి" అంది. "ఆ ముక్క మంగళవారం చెప్పుంటే ఇద్దరం కూర్చుని ఏడ్చేవాళ్ళం. నీకు చూడ్డం చాతకాలేదని నా నోరు నొక్కేస్తావా?"

"తప్పే" అన్నాడతను.

ఆమె ఊరుకోబెట్టలేదు. పర్లేదులే అనలేదు. తప్పని అతనన్నాడు, ఆమె విన్నది, అంతే.

శనివారం ఆమె ఆసుపత్రికి ఫోన్ చేస్తే, పూర్తి మత్తక్కర్లేదు కాబట్టి సోమవారం థియేటర్ పక్క గదిలోనే చేస్తామనీ, అక్కడికి తోడుగా ఒక ఆడమనిషిని రానిస్తామనీ అన్నారు. వదిన బళ్ళో సెలవు పెట్టి సిద్ధమైంది. ఆమె కాజాలక్కని తీసుకెళ్తానంది. వదిన మొహం చిన్నబుచ్చుకుని, "పరాయిదానికున్నపాటి విలువ నాకు లేదన్నమాట" అంది. "ఈ ఒక్కరోజుకి లేదు, వదినా" అంది ఆమె. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

ఈసారి డాక్టరమ్మ మంచం పక్కకొచ్చి, మొదలుపెట్టే ముందు ఏం చేయబోతోందో చెప్పింది, చేస్తూ కూడా చెప్పింది. నొప్పుంది. ఎవరో పొత్తికడుపుని లోపల్నుంచి పట్టుకుని గుంజినట్టు రెండుసార్లు వచ్చింది. కాజాలక్క చేతిని ఆమె ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఆవిడ వేళ్ళు తెల్లబడిపోయాయి. "పట్టుకోవే, పర్లేదు, అది కుట్టే చెయ్యి కాదు, ఖాళీ చెయ్యే" అంది కాజాలక్క. ఆ పరిస్థితిలోనూ ఆమెకి నవ్వొచ్చింది. గోడ మీది గడియారంలో ఎనిమిది నిమిషాలు గడిచాయి. అన్నిటినీ ఆమె చూసింది.

*

మధ్యాహ్నం రెండున్నరకి ఇల్లు చేరారు. భర్త బండి ఎంత నెమ్మదిగా నడిపాడంటే వెనకాల సైకిళ్ళు కూడా దాటిపోయాయి. తలుపు తీసింది వదిన. పక్క మీద ఉతికిన దుప్పటి, బల్ల మీద ఫ్లాస్కులో టీ, కిటికీలకి తెరలు. అన్నీ సర్ది ఉంచింది. ఆమె కుర్చీలో కూర్చోగానే టీ పోసిచ్చి, "ఇంకేం కంగారు పడకు" అంది. "మీ ఓనరుకి ఫోన్ చేసి నెల రోజులు రాదని చెప్పేశాను. ఆ నిలబడే పని ఇంక వద్దు, వేరే మనిషిని చూసుకోమన్నాను. ఆయన కూడా సరేనన్నాడు."

ఆమె చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. పొత్తికడుపులో నొప్పి ఒకసారి మెలితిరిగింది. ఆరు రోజులుగా చెప్పిందంతా, అరిచిందంతా గోడకి చెప్పినట్టయింది. నోరు తెరవబోయింది. తెరవడానికి ఒంట్లో సత్తువ కూడా లేదు.

"అక్కా" అన్నాడు భర్త. గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఉన్నవాడు, ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో. "తనని అడిగావా?"

"ఇందులో అడిగేదేముందిరా? తన మంచికే..."

"అడగలేదు కదా." అక్కకి ఎదురుచెప్పడం అతనికి అలవాటు లేదు, ఎలా మొదలుపెట్టాలో కూడా తెలీనట్టు ఆ చెప్పు వైపే చూస్తున్నాడు. "మళ్ళీ ఫోన్ చెయ్యి. పొరపాటున చెప్పానను. తను ఎప్పుడొచ్చేదీ తనే చెబుతుందను."

"ఆయన ముందు నేను చులకనైపోనూ?"

"అవుతావు" అన్నాడతను. "మొన్న బుధవారం తను వెళ్ళిపోయాక నేను డాక్టరమ్మ ముందు అయ్యాను. ఏం కాదు."

వదిన మొహంలో కోపం, అవమానం, ఇంకేదో కూడా కలిసి తిరిగాయి. చేతిసంచి తీసి, ఫోను వెతుక్కుని, వసారాలోకెళ్ళింది. అక్కణ్ణుంచి మాటలు ముక్కలు ముక్కలుగా వినిపించాయి: "లేదండీ... నేనే తొందరపడి... ఆ అమ్మాయే చెబుతుంది..."

ఆమె టీ పూర్తిగా తాగింది. కప్పు కింద పెట్టి, గోడ పట్టుకుని లేచి, పడకగదిలోకెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. గడియ పెట్టలేదు. ఉతికిన దుప్పటి మీద పక్కకి తిరిగి పడుకుంది. రేపు వెళ్తుందో, వారానికి వెళ్తుందో, ఆ నీలం గుడ్డ మీద మళ్ళీ సుద్దగీత ఎప్పుడు పెడుతుందో ఆమెకే తెలీదు. కోపం ఇంకా ఉంది. అలవాటుగా దాన్ని వెతుక్కుంది, దొరికింది. కానీ దాని వెనక ఇంతసేపూ నిలబడి ఉన్నది కూడా కనబడింది. బూడిదరంగు తెర మీద కదలకుండా ఉన్న ఆ చిన్నది.

అప్పుడొచ్చింది ఏడుపు. వారం రోజులది, ఒక్కసారే. దుప్పటి నోట్లో కుక్కుకున్నా ఆగలేదు.

వసారాలోంచి వదిన అడుగులు గబగబా తలుపు దాకా వచ్చాయి. తలుపు మీద చెయ్యి పడిన చప్పుడైంది.

"ఉండక్కా" అన్నాడు భర్త బయట. అతని గొంతు కూడా తడిసిపోయి ఉంది. "పిలుస్తుంది. పిలిస్తే వెళ్దాం. అప్పటిదాకా ఇక్కడే కూర్చుందాం, రా."

తలుపవతల నేల మీద ఇద్దరు మనుషులు కూలబడిన చప్పుడు ఆమెకి వినిపించింది.

ఆమె చాలాసేపు పిలవలేదు.